గెలిస్తే వ్యూహం, ఓడితే వాగుడు: జాతీయ ఫుట్‌బాల్ కోచ్ మాటలకు అర్థం చెప్పేదెవరు?

2016 జూన్ 27న యూరో కప్‌లో ఐస్‌లాండ్ చేతిలో 2-1తో ఓడిన రాత్రే ఇంగ్లండ్ కోచ్ రాయ్ హాడ్జ్‌సన్ రాజీనామా ప్రకటన చదివి వెళ్లిపోయాడు. మర్నాడు ఫ్రాన్స్‌లోని షాంటిలీలో మళ్లీ విలేకరుల ముందుకు రాక తప్పలేదు. "నేనిక్కడ ఏం చేస్తున్నానో నాకే సరిగా తెలియడం లేదు" అంటూ మొదలుపెట్టాడు. చెప్పవలసింది రాత్రే చెప్పేశాను, ఇక ఈ సమావేశంలో నా పనేమిటన్నది ఆ వెంటనే ఇచ్చిన వివరణ. వివరణ ఎవరికీ పట్టలేదు, మొదటి వాక్యం మిగిలిపోయింది. నాలుగేళ్లు జట్టును నడిపిన మనిషి తానేం చేస్తున్నాడో తనకే తెలియదని ఒప్పుకున్నట్టు అది చలామణీ అయింది.

ఆ చలామణీ తప్పని తేల్చడం నిమిషం పని. పూర్తి మాటలు చదివితే చాలు. అయినా ఆ అర్థమే అంత తేలిగ్గా ఎందుకు అతుక్కుంది? జాతీయ జట్టు కోచ్ నోటి నుంచి వచ్చిన ప్రతి వాక్యం చుట్టూ ఇలాంటి తగువే నడుస్తోంది. అన్నది ఒకటి, రాసింది ఒకటి అని కోచ్ వర్గం వాదిస్తుంది. అన్నదే రాశామని పత్రికలంటాయి. అతను అన్నది జనం కోసం కాదు, ఆటగాళ్ల చెవిలో వెయ్యడానికని మాజీ ఆటగాళ్లు టీవీ స్టూడియోల్లో చెబుతారు. అరవై ఏళ్లుగా పేరుకున్న ఈ వాదనలను ఒకచోట పెట్టి చూడటానికి ఇంగ్లండ్ కంటే అనువైన చోటు లేదు. అక్కడి కోచ్ పదవిని ప్రధానమంత్రి పదవి తర్వాత అంతటిదని సగం వేళాకోళంగా, సగం నిజంగానే అంటుంటారు. అందుకే ఈ సమీక్ష ఎక్కువగా ఆ దేశం చుట్టూ తిరుగుతుంది, అవసరమైనచోట జర్మనీకీ ఇటలీకీ మన దేశానికీ వెళ్లివస్తుంది.

మాట్లాడక తప్పని ఉద్యోగం

క్లబ్ కోచ్‌కి వారానికి ఒకటో రెండో మ్యాచ్‌లు. శనివారం నోరు జారినా బుధవారం ఆట దాన్ని మరిపిస్తుంది. ఆటగాళ్లు రోజూ కళ్లెదుటే ఉంటారు, చెప్పేదేదో ప్రాక్టీసులోనే చెప్పుకోవచ్చు. జాతీయ కోచ్‌కి ఆ వెసులుబాటు లేదు. ఏడాదికి పదీ పన్నెండు మ్యాచ్‌లు, అవీ విడతలు విడతలుగా. మధ్యలో నెలల తరబడి ఖాళీ. ఆటగాళ్లకు జీతాలిచ్చేది క్లబ్బులు. నవంబర్‌లో కలిసినవాళ్లు మళ్లీ మార్చికి గానీ దొరకరు. అందుకని అతని మాట ఒకేసారి మూడు వైపులకు పోతుంది: ఆటగాడికి సందేశంగా, క్లబ్‌కి విన్నపంగానో ఫిర్యాదుగానో, జనానికి సంజాయిషీగా. ముగ్గురూ ఒకే వాక్యాన్ని వింటారు, ఎవరి వాటా వారు తీసుకుంటారు.

మాట్లాడనని భీష్మించే వీలూ లేదు. పెద్ద టోర్నీల్లో మ్యాచ్‌కి ముందురోజు కోచ్, అతనితోపాటు ఒక ఆటగాడు విలేకరుల ఎదుట కూర్చోవాలన్నది ఫిఫా నిబంధన. 2022 ఖతర్ ప్రపంచకప్‌లో స్పెయిన్‌తో మ్యాచ్‌కి ముందు జర్మనీ కోచ్ హాన్సీ ఫ్లిక్ ఒక్కడే వచ్చాడు. జట్టు బస ఎక్కడో ఉత్తరాన, సమావేశం దోహాలో. అంత దూరం ఆటగాణ్ని తిప్పడం ఇష్టంలేక తీసుకురాలేదన్నాడు. ఫిఫా జర్మనీ సంఘానికి 10,000 స్విస్ ఫ్రాంకుల జరిమానా వేసింది.

ఇంగ్లండ్‌లో ఇంకో చిక్కు ఉంది. అక్కడి పద్ధతిలో టీవీ, రేడియో వాళ్లకు ఒక విడత, దినపత్రికలకు ఇంకో విడత, ఆదివారం పత్రికలకు వేరే విడత సమావేశం జరిపే అలవాటు చాలాకాలం సాగింది. టీవీలో వచ్చేసిన మాటనే మర్నాడు అచ్చువేస్తే పత్రిక ఎవరు కొంటారు? కాబట్టి ప్రతి విడతలోనూ కొత్త మాట రాబట్టాలి. ఇచ్చేవాడు ఒక్కడే, అడిగే గుంపులు మూడు. చివరి విడతకి అలసిపోయిన కోచ్ నోటి నుంచి వచ్చే అదనపు వాక్యమే చాలాసార్లు పతాక శీర్షిక అవుతుంది. ఆ శీర్షిక పెట్టేది సమావేశంలో కూర్చున్న విలేకరి కూడా కాదు, ఆఫీసులో డెస్క్ మీదున్న సబ్ ఎడిటర్. కోచ్ గొంతులోని వెటకారం, నవ్వు, విసుగు ఆ డెస్క్ దాకా చేరవు.

రామ్సే నుంచి హాడిల్ దాకా

ఆల్ఫ్ రామ్సే ఇంగ్లండ్ కోచ్‌గా ఆడించిన మొదటి మ్యాచ్‌లో, 1963 ఫిబ్రవరిలో, ఫ్రాన్స్ చేతిలో 5-2తో ఓడాడు. అదే ఏడాది, ప్రపంచకప్ మనమే గెలుస్తామని ప్రకటించాడు. అప్పటికి అది కొత్త కోచ్ గొప్పలు. 1966లో గెలిచాక అదే వాక్యం భవిష్యవాణి అయింది. ఒక్క అక్షరం మారలేదు. ఈ సమీక్షలో పదే పదే ఎదురయ్యే విషయానికి ఇది తొలి ఉదాహరణ.

రామ్సే రెండో మాట ఇంకా గట్టిది. 1966 జూలై 23న వెంబ్లీలో అర్జెంటీనాతో క్వార్టర్ ఫైనల్. అర్జెంటీనా కెప్టెన్ ఆంటోనియో రత్తీన్‌ను జర్మన్ రిఫరీ రుడాల్ఫ్ క్రైట్లైన్ బయటికి పంపాడు. ఎందుకు పంపుతున్నాడో రత్తీన్‌కి అర్థం కాలేదు, దుభాషి కావాలని అడిగాడు, నిమిషాల తరబడి మైదానం వీడలేదు. ఇంగ్లండ్ 1-0తో గెలిచింది. మ్యాచ్ అయ్యాక జార్జ్ కోహెన్ ప్రత్యర్థితో చొక్కా మార్చుకోబోతే రామ్సే అడ్డుపడి లాగేశాడు. తర్వాత టీవీలో ఏమన్నాడంటే, సరైన ప్రత్యర్థి ఎదురైనప్పుడే మా అసలు ఆట బయటపడుతుంది, అంటే ఫుట్‌బాల్ ఆడటానికి వచ్చే జట్టు, జంతువుల్లా ప్రవర్తించే జట్టు కాదు అని.

వ్యాకరణం ప్రకారం చూస్తే రామ్సే అర్జెంటీనా పేరెత్తలేదు, అర్జెంటీనావాళ్లు జంతువులనీ అనలేదు. అతని సమర్థకులు ఆనాటి నుంచీ చెబుతున్నది ఇదే. కానీ మ్యాచ్ ముగిసిన కాసేపటికి, చొక్కాల దగ్గర అంత గొడవ చేసి, ఆ మాట అన్నవాడు ఎవరి గురించి అన్నాడో వినేవాళ్లకు వ్యాకరణం చెప్పనక్కర్లేదు. బ్యూనస్ ఎయిర్స్‌లో ఆ మాట ఒక జట్టుకు తగిలిన తిట్టుగా మిగల్లేదు, దక్షిణ అమెరికా మీద యూరప్‌కున్న చిన్నచూపుకి సాక్ష్యమైంది. ఈ రెండు దేశాల ఫుట్‌బాల్ వైరం గురించి రాసేవాళ్లెవరూ ఇప్పటికీ ఆ మాటను దాటి పోలేరు. కప్పు గెలిచిన దేశంలో అది ఒక పెంకి మనిషి ముక్కుసూటితనం, ఓడిన దేశంలో అవమానం.

తర్వాతి ఇరవై ఏళ్లలో పత్రికల తీరు మారింది. టాబ్లాయిడ్ల మధ్య అమ్మకాల పోటీ ముదిరేకొద్దీ కోచ్ వార్త ఇచ్చేవాడుగా ఉండటం పోయి తానే వార్త అయ్యాడు. గ్రాహం టేలర్ 1992లో స్వీడన్ చేతిలో ఓడితే సన్ పత్రిక అతని ముఖాన్ని టర్నిప్ దుంపగా మార్చి అచ్చేసింది. ప్రపంచకప్ క్వాలిఫయర్ల సమయంలో టేలర్ కెమెరా బృందాన్ని వెంట తిరగనిచ్చాడు. 1994 జనవరిలో ఆ డాక్యుమెంటరీ ఛానల్ 4లో వచ్చేనాటికి అతను పదవిలో లేడు, అమెరికా ప్రపంచకప్‌కి ఇంగ్లండ్ అర్హత సాధించలేదు. టచ్‌లైన్ దగ్గర ఆదుర్దాలో అన్న ముక్కలు దేశమంతా హాస్యానికి వాడుకుంది. అర్హత సాధించి ఉంటే అదే ఫిల్మును నిబద్ధత గల కోచ్ కథగా చూసేవారేమో. ఇది ఊహే, కాకపోతే మరీ గాలిలోంచి పుట్టిన ఊహ కాదు.

గ్లెన్ హాడిల్ ఉదంతం దగ్గర కాస్త ఆగాలి. 1999 జనవరి 30న టైమ్స్ పత్రికలో మ్యాట్ డికిన్సన్ చేసిన ఇంటర్వ్యూ వచ్చింది. మీకూ నాకూ రెండు చేతులు, రెండు కాళ్లు ఉన్నాయి, కొందరు అలా పుట్టకపోవడానికి కారణముంది, అది గత జన్మ కర్మ అన్నట్టు హాడిల్ మాట్లాడాడు. వికలాంగుల సంఘాలు భగ్గుమన్నాయి. ప్రధాని టోనీ బ్లెయిర్ పగటిపూట టీవీ కార్యక్రమంలో, ఆ మాటలు నిజమే అయితే హాడిల్ కొనసాగడం కష్టమన్నాడు. తన మాటలను వక్రీకరించారని హాడిల్ అన్నాడు. ఫిబ్రవరి 2న పదవి పోయింది. ఆదివారం కలుపుకుని నాలుగు రోజుల వ్యవహారం.

మాటను మాటగానే తూచాలనేవారికి ఇది సూటి కేసు: అనకూడనిది అన్నాడు, వెళ్లిపోయాడు. కానీ ఇలాంటి అభిప్రాయాన్నే హాడిల్ 1998 మేలో బీబీసీ రేడియోలోనూ చెప్పాడు. అప్పుడు గాలిదుమారం లేదు. ప్రపంచకప్ ముందుంది, జట్టు మీద ఆశ ఉంది. ఎనిమిది నెలల తర్వాత పరిస్థితి వేరు. ప్రపంచకప్ నుంచి అర్జెంటీనా చేతిలో పెనాల్టీలతో నిష్క్రమించారు, డ్రెస్సింగ్ రూమ్ ముచ్చట్లతో హాడిల్ తెచ్చిన ప్రపంచకప్ డైరీ పుస్తకం ఆటగాళ్లకు రుచించలేదు, యూరో క్వాలిఫయర్లలో స్వీడన్ చేతిలో ఓడి బల్గేరియాతో సొంతగడ్డపై గోల్ లేకుండా డ్రా చేసుకున్నారు. అలాగని ఆ మాట తప్పు కాదనీ కాదు. గత జన్మ పాపమే వైకల్యమన్న నమ్మకం తెలుగు నేలమీద కొత్తది కాదు, దాన్ని తిప్పికొట్టే వికలాంగుల హక్కుల ఉద్యమకారులు ఇక్కడా ఉన్నారు. మాటలోని దోషం మే నెలలోనూ అంతే ఉంది. దానికి శిక్ష ఎప్పుడు పడాలో మాత్రం పాయింట్ల పట్టిక నిర్ణయించింది.

చదివే పద్ధతులు

ఇన్నేళ్ల వాదనల్లోంచి స్థూలంగా నాలుగు పద్ధతులు తేలతాయి. వీటిని అనుసరించేవాళ్లు ఎప్పుడూ ఒకే గుంపులో ఉండరు, తమ జట్టు సంగతి వచ్చేసరికి పద్ధతి మార్చేస్తారు కూడా.

మొదటిది అక్షరవాదం. అన్నదానికి బాధ్యుడు అన్నవాడే, మనసులో ఏముందన్నది అనవసరం. పత్రికల సంపాదకులు, హక్కుల సంఘాలు, పదవిలోంచి దించడానికి కారణం వెతికే సంఘ అధికారులు దీన్ని ఆశ్రయిస్తారు. దీని బలం స్పష్టత. సందర్భం తెలియకుండానే తీర్పు చెప్పేయడం దీని లోపం. హాడ్జ్‌సన్ షాంటిలీ మాటను నవ్వులపాలు చేసింది ఈ పద్ధతే.

రెండోది ఎత్తుగడవాదం. కోచ్ ఊరికే ఏదీ అనడు, ప్రతి మాటా ఒకరిని రెచ్చగొట్టడానికో ఒకరిని కాపాడటానికో వేసిన పాచిక అంటారు వీళ్లు. మాజీ ఆటగాళ్లలో దీనికి ఆదరణ ఎక్కువ, ఎందుకంటే లోపలి సంగతి తమకే తెలుసని చెప్పుకోవడానికి వీలిస్తుంది. ఓడిన జట్టు మీద పడాల్సిన విమర్శను కోచ్ తన మీదికి లాక్కోవడమన్నది వీరి ఇష్టమైన వాదన. అది కొన్నిసార్లు నిజమే. కానీ ఈ పద్ధతికి అడ్డూఅదుపూ లేదు. పొరపాటున జారిన మాటను కూడా గెలిచాక వ్యూహంగా చెప్పవచ్చు, కాదని ఎవరూ నిరూపించలేరు. నిరూపించడానికీ ఖండించడానికీ వీల్లేని వాదన టీవీ చర్చకు బాగుంటుంది, సమీక్షకు పనికిరాదు.

మూడోది సందర్భవాదం. ముందు ప్రశ్న ఏమిటో చూడాలి అంటుంది. జవాబులోని పదాలు చాలాసార్లు ప్రశ్నలోంచి వచ్చినవే. "నిరాశ చెందారా?" అని అడిగితే "అవును, నిరాశే" అంటాడు, మర్నాడు 'కోచ్ తీవ్ర నిరాశ' అని వస్తుంది. మీడియా గురించి చదువుకున్నవారు, అనుభవమున్న విలేకరుల్లో కొందరు ఈ పక్షం. నాలుగింటిలో నమ్మదగినది ఇదే, కాకపోతే దీనికి ఓపిక కావాలి, పూర్తి సంభాషణ చేతిలో ఉండాలి. పైగా అతి చేస్తే ఎవరూ దేనికీ బాధ్యులు కారు.

నాలుగోదానికి సిద్ధాంతమంటూ లేదు. అది స్కోరు చూసి చదవడం. దీన్ని ఒప్పుకునేవాళ్లు లేరు, పాటించనివాళ్లూ లేరు.

ఒకే సంఘటనను ఈ నాలుగు కళ్లతో చూస్తే తేడా తెలుస్తుంది. 2003 సెప్టెంబర్ 6న రెక్యావిక్‌లో ఐస్‌లాండ్‌తో 0-0 డ్రా తర్వాత జర్మనీ కోచ్ రూడీ ఫోలర్ ప్రత్యక్ష ప్రసారంలో విరుచుకుపడ్డాడు. స్టూడియోలో కూర్చుని జట్టును చీల్చి చెండాడిన గుంటర్ నెట్జర్, గెర్హార్డ్ డెల్లింగ్‌లను దులిపేశాడు. ఎదురుగా ఉన్న యాంకర్ వాల్డెమార్ హార్ట్‌మన్‌తో, నువ్వు మూడు గ్లాసుల గోధుమ బీరు తాగి ఇక్కడ హాయిగా కూర్చున్నావన్నాడు. అక్షరవాది దృష్టిలో ఇది ఒక అధికారి విలేకరిని అవమానించడం. ఎత్తుగడవాది మాత్రం, నాలుగు రోజుల్లో స్కాట్లండ్‌తో మ్యాచ్ ఉంది, ఆటగాళ్ల మీంచి దృష్టి మళ్లించాడంటాడు. మ్యాచ్ ముగిసిన కాసేపటికే స్టూడియో విమర్శను ముఖాన పెడితే ఎవరైనా పేలతారన్నది సందర్భవాది మాట. స్కాట్లండ్‌పై 2-1తో గెలిచారు, జనం ఫోలర్ పక్షాన నిలిచారు. మరుసటి ఏడాది యూరోలో గ్రూపు దశ దాటలేక అతను రాజీనామా చేసినప్పుడు ఆ ముక్కుసూటితనం ఏ మాత్రం అక్కరకు రాలేదు. ఈ వ్యవహారంలో స్పష్టంగా లాభపడింది హార్ట్‌మన్ ఒక్కడే: గోధుమ బీరు కంపెనీ ప్రకటనలో నటించే అవకాశం దక్కింది.

కాల్విన్ ఫిలిప్స్ లేడన్న మాట

2024 యూరోలో ఇంగ్లండ్ కోచ్ గ్యారెత్ సౌత్‌గేట్ అన్న ఒక వాక్యాన్ని దగ్గరగా చూడాలి, ఎందుకంటే మాటను సరిగా చదవడానికి ఉన్న ఒక దారి అందులో కనబడుతుంది. జూన్ 20న ఫ్రాంక్‌ఫర్ట్‌లో డెన్మార్క్‌తో 1-1 డ్రా అయ్యాక, కాల్విన్ ఫిలిప్స్‌కి సహజమైన ప్రత్యామ్నాయం మా దగ్గర లేదు, కొత్తగా ప్రయత్నిస్తున్నాం అన్నాడు.

నవ్వులే నవ్వులు. ఫిలిప్స్ ఆ జట్టులోనే లేడు. 2022లో మాంచెస్టర్ సిటీకి వెళ్లాక బెంచీ మీదే ఎక్కువ గడిపి, అరువు మీద వెస్ట్ హామ్‌కి వెళ్లి అక్కడా నిలదొక్కుకోలేదు. ఇంతమంది ప్రతిభావంతులను పెట్టుకుని ఆటకి దూరమైనవాణ్ని తలచుకుని ఏడ్చే కోచ్ అని రాశారు. అక్షరవాదులకు అది సాకు. జట్టులోని మిడ్‌ఫీల్డర్లను అవమానించాడన్నవారూ ఉన్నారు.

జట్టు జాబితాలను పక్కపక్కన పెట్టి చూస్తే కథ మారుతుంది. సెర్బియాతో, డెన్మార్క్‌తో డెక్లన్ రైస్ పక్కన ట్రెంట్ అలెగ్జాండర్-ఆర్నాల్డ్‌ను ఆడించాడు. అతను స్వతహాగా రైట్ బ్యాక్. డెన్మార్క్‌తో రెండో సగం మొదలైన కాసేపటికే అతన్ని తీసేసి కానర్ గాలఘర్‌ను దింపాడు. స్లొవేనియాతో గాలఘర్‌తో మొదలుపెట్టి, సగం ఆటకి అతన్నీ తీసేసి పంతొమ్మిదేళ్ల కోబీ మైనూను పంపాడు. స్లొవేకియాతో మ్యాచ్ నుంచి మైనూ స్థిరపడ్డాడు, ఇంగ్లండ్ ఫైనల్ దాకా వెళ్లింది. మూడు మ్యాచ్‌ల్లో ఒకే స్థానానికి ముగ్గురు. రైస్ పక్కన బంతిని నిలిపి పంచే మనిషి లేడన్నదే ఫ్రాంక్‌ఫర్ట్‌లో అతను చెప్పిన విషయం, 2021 యూరోలో ఆ పని చేసినవాడి పేరుతో చెప్పాడు. సాకు అనుకున్నది రోగ నిర్ధారణ. పేరు ఎంచుకోవడంలో తెలివి లేదనవచ్చు, విషయంలో మాత్రం దాపరికం లేదు.

కోచ్ మాటకు అందరికంటే మంచి వ్యాఖ్యానం అతను తర్వాత ప్రకటించే పదకొండు పేర్లు. నాలుగు పద్ధతులవాళ్లూ దీన్ని పట్టించుకోరు, ఎందుకంటే దానికి కొన్ని రోజులు ఆగాలి. శీర్షిక ఆ రాత్రికే కావాలి.

అయితే ఈ కొలత అన్నింటికీ సరిపోదు. 2021 జూన్‌లో సౌత్‌గేట్ దేశానికి రాసిన బహిరంగ లేఖలో జాత్యహంకారం గురించి, ఆటగాళ్లు సామాజిక విషయాలపై మాట్లాడటం గురించి చెప్పినప్పుడు దాన్ని జట్టు ఎంపికతో తూచలేం. అక్కడ కోచ్ దేశం తరఫున మాట్లాడుతున్నాడు. ఆ పని అతనిదా కాదా అన్నదానిమీద ఇంగ్లండ్ రెండుగా చీలింది. ఆ లేఖ పేరుతోనే జేమ్స్ గ్రాహం 2023లో నాటకం రాశాడు, అది నేషనల్ థియేటర్‌లో ఆడింది. ఏ కోచ్ విలేకరుల సమావేశానికీ దక్కని గౌరవం అది.

పరాయి నోట, పరాయి చెవిన

విదేశీ కోచ్‌లు వచ్చాక చిక్కు ఇంకో మెట్టు పెరిగింది. 2012 ఫిబ్రవరిలో జాన్ టెర్రీ కెప్టెన్సీని ఫుట్‌బాల్ సంఘం తొలగించినప్పుడు అప్పటి ఇంగ్లండ్ కోచ్ ఫాబియో కపెలో ఆ నిర్ణయం తనకు నచ్చలేదని ఇటలీ టీవీ సంస్థ రాయ్‌కి చెప్పాడు. అనువాదం మీద ఎవరికీ తగువు లేదు. ఇంటి మాట బయటివాళ్లకు, అందులోనూ తన సొంత దేశపు టీవీకి చెప్పడమే నేరమైంది. రోజుల వ్యవధిలో రాజీనామా చేశాడు.

ఇంగ్లండ్ కోచ్‌గా వచ్చిన జర్మన్ థామస్ టుకెల్‌ది అచ్చంగా భాష గొడవ. 2025 జూన్‌లో సెనెగల్ చేతిలో 3-1తో ఓడాక ఒక రేడియో ఇంటర్వ్యూలో జూడ్ బెల్లింగ్‌హామ్ గురించి చాలాసేపు మాట్లాడాడు. ఆ కుర్రాడిలో నిప్పుంది, అది కావాలి, కానీ దాన్ని ప్రత్యర్థుల మీదికి మళ్లించాలి, సహచరుల మీదికో రిఫరీల మీదికో కాదన్నది సారాంశం. మధ్యలో, టీవీ చూసే తన తల్లికి ఆ తీరు ఒక్కోసారి అసహ్యం పుట్టిస్తుందన్నాడు. మర్నాటికి నిప్పు పోయి అసహ్యం మిగిలింది. ఆగస్టులో క్షమాపణ చెబుతూ, ఆ పదం వాడి ఉండాల్సింది కాదు, ఉద్దేశపూర్వకంగా వాడలేదన్నాడు. రెండో భాషలో మాట్లాడేవాడికి పదాల బరువు తెలియకపోవచ్చన్న వాదనను కొందరు ఒప్పుకున్నారు. లండన్‌లో చెల్సీని నడిపి ఇంగ్లిషులోనే నెగ్గుకొచ్చినవాడికి ఆ మినహాయింపు వర్తించదని మరికొందరన్నారు. అక్టోబర్ జట్టులో బెల్లింగ్‌హామ్ పేరు లేకపోవడంతో జూన్ మాట మళ్లీ బయటికొచ్చింది. సెప్టెంబర్‌లో సెర్బియాను 5-0తో ఓడించిన బృందాన్నే కొనసాగిస్తున్నానని టుకెల్ చెప్పిన కారణం ఆ సందడిలో ఎవరికీ వినబడలేదు. నవంబర్‌లో ఆటగాడు తిరిగొచ్చాడు.

హైదరాబాద్ మీదుగా మన జట్టు

భారత ఫుట్‌బాల్ స్వర్ణయుగపు కోచ్ హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీమ్. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాపై 2-1తో స్వర్ణం ఆయన హయాంలోవే. ఆయన మాటలు మనకు తెలిసింది ఎక్కువగా శిష్యుల జ్ఞాపకాల ద్వారా. ఆటగాడి జ్ఞాపకంలోంచి వచ్చిన మాటకు వక్రీకరణ గొడవ ఉండదు, నిజనిర్ధారణా ఉండదు. కాబట్టి రహీమ్ కాలంతో ఇప్పటి కోచ్‌లను పోల్చడం సరికాదు.

ఇటీవలి భారత కోచ్‌లలో ఇగోర్ స్టిమాచ్ ఈ చర్చకు మంచి ఉదాహరణ. ప్రపంచకప్ క్వాలిఫయర్ల మూడో రౌండ్‌కి జట్టును చేర్చలేకపోతే వెళ్లిపోతానని 2024 మార్చిలో అన్నాడు. ఆ వెంటనే గువాహటిలో అఫ్గానిస్తాన్ చేతిలో, జూన్‌లో దోహాలో ఖతర్ చేతిలో 2-1తో ఓడి జట్టు నిష్క్రమించింది. ఖతర్ మొదటి గోల్‌కి ముందు బంతి గీత దాటిపోయిందన్నది వేరే వివాదం. అతను రాజీనామా చేయలేదు, అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య తొలగించింది, మిగిలిన కాంట్రాక్టుకు పరిహారం గురించి పేచీ నడిచింది. అన్నమాట నిలబెట్టుకోలేదని అభిమానులు నిలదీశారు. మ్యాచ్‌కి ముందు అలాంటి మాటలు జట్టును ఉత్సాహపరచడానికే అంటారు తప్ప రాజీనామా పత్రం కింద లెక్క కాదని సమర్థకులన్నారు. ఎత్తుగడవాదం, అక్షరవాదం ఇక్కడ పత్రికల పేజీలు దాటి కాంట్రాక్టు కాగితాల దాకా వెళ్లాయి.

అతని తర్వాత వచ్చిన మనోలో మార్కెజ్ 2021-22లో హైదరాబాద్ ఎఫ్‌సీకి ఐఎస్ఎల్ టైటిల్ తెచ్చినవాడు, తెలుగు అభిమానులకు చిరపరిచితుడు. 2025 మార్చి 25న షిల్లాంగ్‌లో బంగ్లాదేశ్‌తో 0-0 డ్రా అయ్యాక, చాలా చాలా కోపంగా, నిరాశగా ఉన్నానని ముఖం మీదే చెప్పాడు. కొందరికి అది నిజాయితీ. అప్పట్లో ఎఫ్‌సీ గోవాకు కూడా కోచ్‌గా ఉన్నవాడు జాతీయ జట్టు మీద చిరాకు చూపించడమేమిటని మరికొందరు. జూన్‌లో హాంకాంగ్ చేతిలో ఓటమి, జూలైలో వీడ్కోలు. అతను హైదరాబాద్‌లో గెలుస్తున్నప్పుడు ఇలాంటి మాటలే 'మనోలో సూటిగా మాట్లాడతాడు' అన్న మెప్పుగా నడిచాయి.

తేలనివి

ఏది పత్రికా వ్యాఖ్య, ఏది కాదు అన్నదే ఇంకా తేలలేదు. 2013 అక్టోబర్‌లో పోలండ్‌తో మ్యాచ్ విరామంలో హాడ్జ్‌సన్ డ్రెస్సింగ్ రూమ్‌లో చెప్పిన అంతరిక్ష కోతి జోకు బయటికి పొక్కి జాత్యహంకార వివాదమైంది. సంబంధిత ఆటగాడు ఆండ్రోస్ టౌన్సెండ్ తనకేమీ అభ్యంతరం లేదన్నా చర్చ ఆగలేదు. 2016లో సామ్ అలర్డైస్ మారువేషంలోని విలేకరుల ముందు అన్న మాటలకు 67 రోజుల్లో, ఒకే ఒక్క మ్యాచ్ ఆడించి పదవి వదులుకున్నాడు. లోపల అన్నది బయటపడితే దాన్ని బయట అన్నట్టే చూడాలా? ఆ ప్రశ్నకు ప్రతి సంఘం తన అవసరాన్ని బట్టి జవాబిచ్చుకుంటోంది.

మౌనం మేలా అన్నదీ తేలలేదు. 1982 ప్రపంచకప్‌లో ఎంజో బేర్జొట్ నడిపిన ఇటలీ జట్టు పత్రికలతో మాటలు మానేసి, కెప్టెన్ డీనో జోఫ్ ఒక్కడినే ముందుకు పంపింది. మొదటి మూడు మ్యాచ్‌లు డ్రా అయినప్పుడు ఆ జట్టును అందరూ తిట్టిపోశారు, కప్పు గెలిచాక మౌనమే మందన్నారు. నిబంధనల వల్ల ఇప్పుడు ఆ ప్రయోగం కుదరదు కూడా.

మాటల వల్ల ఆటగాడి ఆట మారుతుందా అన్నది అన్నింటికంటే కష్టమైన ప్రశ్న. ఎత్తుగడవాదం మొత్తం దీనిమీదే నిలబడి ఉంది, అయినా దాని చేతిలో ఉన్నవి కథలే. గెలిచిన ఆటగాడు ఆ మాటే నన్ను రెచ్చగొట్టిందంటాడు, ఓడినవాణ్ని ఎవరూ అడగరు.

ఈమధ్య సంఘాలు తమ సొంత ఛానళ్లలో పూర్తి సమావేశాలను పెడుతున్నాయి, సందర్భవాదులకు కావలసిన పూర్తి పాఠం అందుబాటులోకి వచ్చింది. దాంతోపాటే పది సెకన్ల క్లిప్పులూ వచ్చాయి. జనం చూసేది క్లిప్పులే. వ్యాఖ్యానం విలేకరుల చేతిలోంచి అభిమానుల చేతికి జారుతోంది. 2025 అక్టోబర్ 9న వెంబ్లీలో వేల్స్‌ను 3-0తో ఓడించాక స్టేడియం మూగగా ఉందని టుకెల్ అన్నాడు. తొలి ఇరవై నిమిషాల్లోనే మూడు గోల్స్ కొట్టినా అరుపుల్లేవని అతని బాధ. పత్రికలు యథావిధిగా విశ్లేషణలు రాశాయి. అయిదు రోజుల తర్వాత లాత్వియా రాజధాని రీగాలో ఇంగ్లండ్ అభిమానులు తమ వ్యాఖ్యానాన్ని నేరుగా మైదానంలోనే వినిపించారు. మొదటి సగమంతా టుకెల్ మీద పాటలు కట్టి ఆట పట్టించారు. ఇంగ్లండ్ 5-0తో గెలిచి ప్రపంచకప్‌కి అర్హత సాధించింది. పాటల గురించి అడిగితే టుకెల్, అది న్యాయమే, చమత్కారంగా ఉన్నాయి, నవ్వుకున్నానని జవాబిచ్చాడు.